గ్రాన్ సాస్సో భూగర్భ ప్రయోగశాల సందర్శన: ఒక సమీక్ష

ఇటలీలోని లాక్విలా నగరానికి సమీపంలో, గ్రాన్ సాస్సో పర్వతం కింద ఉన్న జాతీయ ప్రయోగశాలను గైడ్ వెంట తిరిగి చూసే వీలు సామాన్యులకు కూడా ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మోటారు రహదారి సొరంగంలో పోతున్న వాహనం మధ్యలో పక్కకు తిరిగి లోపలికి ప్రవేశిస్తుంది. నెత్తిమీద దాదాపు 1400 మీటర్ల రాయి ఉంటుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల అలజడిని అడ్డుకునేది ఆ రాయే. (1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతిసూక్ష్మ కణాల, జాడ పట్టిన మన కోలారు గనుల ప్రయోగం కూడా ఇలాగే భూమి లోతుల్లో జరిగింది.) లోపల చల్లగా ఉంటుంది కాబట్టి స్వెటర్ మరవకండి.

నేను వెళ్లింది ముఖ్యంగా అక్కడ జరిగే క్వోరే (CUORE) అనే న్యూట్రినో ప్రయోగం కోసం. ఇటాలియన్‌లో ఆ మాటకు గుండె అని అర్థం. ప్రతి కణానికీ విరుద్ధ లక్షణాల జంట, అంటే ప్రతికణం, ఉంటుంది; న్యూట్రినో తనకు తానే ప్రతికణం కావచ్చునన్న ఆలోచనను 1937లో ఇటాలియన్ భౌతికశాస్త్రవేత్త ఎత్తోరే మయొరానా ముందుకు తెచ్చాడు. అది నిజమైతే, టెల్లూరియం-130 కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారి, న్యూట్రినోలేవీ బయటికి రాకుండా రెండు ఎలక్ట్రాన్లే వెలువడే క్షయం (ఒక రకం బీటా క్షయం) అరుదుగానైనా జరగాలి. దాన్ని పట్టడానికి 988 టెల్లూరియం డయాక్సైడ్ స్ఫటికాలను అంతకన్నా చల్లదనం సాధ్యం కాని సున్నా కెల్విన్‌కు అతి దగ్గరగా, సుమారు 10 మిల్లీకెల్విన్ (కెల్విన్‌లో వందో వంతు) వద్ద ఉంచారు. ఒక్కో స్ఫటికం 5 సెంటీమీటర్ల ఘనం, బరువు ముప్పావు కిలో. క్షయం జరిగితే స్ఫటికం రవ్వంత వేడెక్కుతుంది. దానికి అంటించిన చిన్న జెర్మేనియం ముక్క ఆ మార్పును పసిగడుతుంది.

స్ఫటికాలు శీతలపాత్రలో మూసి ఉన్నందున కంటికి కనబడవు. ఆ వెలితిని పూర్తిగా తీర్చింది గైడ్ చెప్పిన సీసం సంగతి. మామూలు సీసంలో రేడియోధార్మిక సీసం-210 కలిసి ఉంటుంది, దాని కిరణాలు స్ఫటికాల్లో తప్పుడు సంకేతాలు పుట్టిస్తాయి. దాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 22 ఏళ్లు. సార్డీనియా తీరంలో రెండు వేల ఏళ్ల క్రితం మునిగిన రోమన్ ఓడలోని దిమ్మెల్లో అది ఏనాడో క్షీణించిపోయింది. అందుకే ఆ దిమ్మెలపై ఉన్న శాసనాల భాగాన్ని కోసి భద్రపరచి, మిగిలిన సీసాన్ని కరిగించి స్ఫటికాలకు రక్షణగా అమర్చారు. పురావస్తు శాఖ, భౌతికశాస్త్రం ఒకదానికొకటి ఇంత అందంగా ఉపయోగపడిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

ఆ క్షయం ఇంతవరకు కనబడలేదు. దాని అర్ధాయువు 22 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని ఏళ్లకన్నా ఎక్కువేనని 2022లో క్వోరే బృందం ప్రకటించింది. ఫలితం దొరకలేదన్న మాటను దాచకుండా, అందులోని విలువను వివరించిన తీరుకే నా పూర్తి మార్కులు. భౌతికశాస్త్రం చదవనివారు బీటా క్షయం గురించి ఒక గంట చదువుకుని వెళ్తే చాలు, ప్రతి మాటా అందుతుంది.

అదే శీతలపాత్రలో తర్వాత లిథియం మోలిబ్డేట్ స్ఫటికాలతో క్యూపిడ్ ప్రయోగం చేయాలన్నది ప్రణాళిక. అవి వేడితో పాటు వెలుగును కూడా ఇస్తాయి కాబట్టి ఇతర రేడియోధార్మికత వల్ల వచ్చే ఆల్ఫా కణాల అనవసర సంకేతాలను వేరుచేయవచ్చు. అది మొదలయ్యాక మళ్లీ పేరు నమోదు చేసుకుంటాను.