గడ రంపం: పళ్లు బంగారం, బిగింపు బలహీనం

ఈ గడ రంపాన్ని నేను ఇంకా దాచుకోవడానికి కారణం దాని పళ్లే. వంపు తిరిగిన పలక లాగినప్పుడు మాత్రమే కోస్తుంది కాబట్టి, కింద నిలబడి పనిచేసే మనిషి ఒంటి బరువే కోతకు బలమవుతుంది. వెదురు గడకు కొడవలి కట్టి లాగిన రోజుల్లో కొమ్మ సగం తెగి, సగం చీలి, మోడు మిగిలేది. ఆ మోడులోంచే పుచ్చు లోపలికి దిగేది.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొనలు ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చిన ఆ తెగులు నుంచి హనుమకొండలోని మా వేప కోలుకొని చిగిర్చింది గానీ, ఎండు కొమ్మలు పైనే ఉండిపోయాయి. వాటిని మొదట్లోని ఉబ్బుకు తగలకుండా, దానికి కాస్త ఇవతల కోశాను. మరుసటి వానలకు కోత చుట్టూ కొత్త బెరడు పెదవిలా లేచి గాయాన్ని మూయసాగింది.

అయితే లాగినప్పుడే కోసే ఆ సుగుణమే పచ్చి కొమ్మల దగ్గర లోపమవుతుంది. బరువైన కొమ్మకు ముందుగా అడుగు నుంచి గాటు పెట్టకపోతే అది విరిగేటప్పుడు మాను బెరడును ఒలుచుకొని పోతుంది. కిందికి లాగే రంపంతో ఆ గాటు పెట్టడం దాదాపు అసాధ్యం. అందుకే కాపు దిగాక మామిడిలో ఎండుతెగులు పట్టిన కొమ్మలను, ఎండిన చోటికి మూడంగుళాల దిగువన పచ్చి భాగంతో సహా, నిచ్చెనెక్కి చేతిరంపంతోనే కోసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తున్నాను.

అసలు గొడవ గడలోని రెండు గొట్టాలను కలిపి పట్టి ఉంచే బిగింపుతో వచ్చింది. గడను పూర్తిగా సాచి వేప నడికొమ్మను కోస్తుండగా, పొట్టు చేరిన ప్లాస్టిక్ బిగింపు పట్టు వదలడంతో, పై గొట్టం ఊడి, గాటులో ఇరుక్కున్న పలకతో పాటు పైనే వేలాడింది. కింద గొట్టం పట్టుకొని నేను, పైన రంపం! చివరికి మా వాడలోని గీత కార్మికుడొకాయన మోకు నడుముకు చుట్టుకొని ఎక్కి దానిని దించి ఇచ్చాడు. కొన్న దుకాణంలో విడిగా బిగింపు దొరకదని, కొత్త గడే కొనాలని చెప్పారు. నేను రెండు గొట్టాలకూ అడ్డంగా రంధ్రం వేయించి ఇనుప బోల్టు దింపాను. ఇప్పుడు జారడం లేదు గానీ, పొడవు మార్చుకొనే సౌకర్యం పోయింది.

పెరట్లో రెండు మూడు చెట్లుండి, మోకాళ్ల నొప్పుల వల్ల నిచ్చెన దాటి చెట్టెక్కలేని నావంటి వారికి ఇది పనికొస్తుంది. తోట ఉన్నవారికి మాత్రం చెట్టెక్కే కూలీలే నయమేమో. గడ అల్యూమినియంది కనుక, కరెంటు తీగలు దగ్గరగా ఉన్న చెట్టుకు దీనిని ఎవరూ వాడరాదు.