ఫ్లోర్ హీటింగ్‌కు ఎక్స్‌పాన్షన్ ట్యాంక్: 8 లీటర్లదా, 18దా, 35దా?

చలికాలం దగ్గరపడితే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. దేవ్‌మాలి కొండకు వచ్చేవాళ్ల కోసం గదులు కట్టేవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లు టైల్స్ కింద వేడినీళ్ల పైపులు వేయించుకుంటున్నారు. పైపు, పంపు, నీళ్లను ఒక్కో పైపుకూ పంచే మ్యానిఫోల్డ్ దాకా ఎవరికీ అనుమానం ఉండదు. కాగి పెరిగిన నీళ్లకు చోటిచ్చే డబ్బా, అంటే లోపల రబ్బరు పొరకు ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్లు ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, దగ్గరికి వచ్చేసరికి ఒక మేస్త్రీ 8 లీటర్లు చాలంటాడు, ఇంకొకాయన 24 పెట్టమంటాడు, షాపులో “వందకు పది”, అంటే వంద లీటర్ల నీళ్లకు పది లీటర్ల ట్యాంక్, అంటారు.

వందకు పది అన్న లెక్క 80 డిగ్రీల దాకా కాగే నీళ్లకు నప్పుతుంది. నేలలోకి మనం పంపేది 40, 45 డిగ్రీల నీళ్లు. 10 డిగ్రీల నీళ్లు 45కి చేరితే వంద లీటర్లకు ఒక లీటరు కూడా పూర్తిగా పెరగవు. అదే 80కి చేరితే దాదాపు 2.9 లీటర్లు పెరుగుతాయి. అందుకే ఇల్లు ఎన్ని చదరపు అడుగులు అని నేను ముందు అడగను. కాచిన నీళ్లను నిల్వ ఉంచే బఫర్ ట్యాంక్ ఉందా, ఉంటే అందులో నీళ్లు ఎంత కాగుతాయి అని అడుగుతాను. సైజు తేలేది అక్కడే.

ఒకే ఇంటిని మూడు రకాలుగా చూద్దాం. 120 చదరపు మీటర్ల నేల, 16 ఎం.ఎం. పైపు, 15 సెంటీమీటర్ల ఎడం. మొత్తం 800 మీటర్ల పైపు పడుతుంది. దాని లోపలి వ్యాసం 12 ఎం.ఎం. కాబట్టి మీటరుకు 0.113 లీటరు, అంటే అంతటికీ కలిపి 90 లీటర్లే. మ్యానిఫోల్డ్, మెయిన్ లైన్లు, హీటర్ కలిపి ఇంకో 20 వేసుకుందాం. ఒత్తిడి మితిమీరితే నీళ్లు బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ 3 బార్, ట్యాంక్‌లో గాలి 1 బార్ అనుకుందాం (బార్ అంటే ఒత్తిడి కొలత).

బఫర్ లేకపోతే పెరిగేది సుమారు 1.1 లీటర్లు. ట్యాంక్‌లో ఐదో వంతు నీళ్లు రిజర్వుగా ఉంచినా 5 లీటర్ల ట్యాంక్ సరిపోతుంది. 8 అన్న మేస్త్రీ చెప్పింది ఈ ఇంటికి నిజమే.

బయటి వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంప్ పెట్టి, 50 డిగ్రీల దగ్గర 200 లీటర్ల బఫర్ కలిపితే పెరుగుదల 3.7 లీటర్లకు వస్తుంది. 3 లీటర్లు రిజర్వు కలిపి లెక్క వేస్తే దాదాపు 16 లీటర్లు కావాలి. అంటే 18.

అదే బఫర్‌ను కట్టెల బాయిలర్‌తోనో సోలార్‌తోనో 80 డిగ్రీలకు కాచి, నేలకు మాత్రం చల్లటి నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్‌తో 45 డిగ్రీల నీళ్లు పంపేవాళ్లున్నారు. అప్పుడు బఫర్ ఒక్కటే 5.7 లీటర్లు పెరుగుతుంది. మొత్తం లెక్క 23 దాటిపోతుంది. 24 పెట్టవచ్చు గానీ అంచున ఉంటుంది, నేనైతే 35 పెడతాను. నేల మారలేదు, పైపు మారలేదు, ట్యాంక్ మాత్రం నాలుగు రెట్లయింది.

ట్యాంక్ చిన్నదైతే జరిగేది ఏమిటంటే, నీళ్లు కాగిన ప్రతిసారీ గేజ్ పైకి పోయి సేఫ్టీ వాల్వ్ కారుతుంది. చల్లారాక గేజ్ కిందికి పడిపోతుంది. ఇంట్లోవాళ్లు మళ్లీ నీళ్లు నింపుతారు. కొత్త నీళ్లతో పాటు కొత్త ఆక్సిజన్ లోపలికి పోయి ఇనుప భాగాలు తుప్పు పడతాయి. ట్యాంక్ పెద్దదైతే మాత్రం పోయేది కాస్త డబ్బు, కాస్త గోడ. అందుకే రెండు సైజుల మధ్య ఊగిసలాడేవాళ్లకు పైదే కొనమంటాను. బఫర్ లేనివాళ్లకు కూడా 8కి బదులు 12 చెబుతాను. రేపు బఫర్ కలిపితే దాన్ని మార్చక తప్పదు, ఆ మాట ముందే చెప్పేస్తాను.

ఎంత పెద్దది కొన్నా గాలి సరిగా లేకపోతే ఆ డబ్బు దండగ. చాలా ట్యాంకులు ఫ్యాక్టరీ నుంచి 1.5 బార్ గాలితో వస్తాయి. దాన్ని అలాగే బిగిస్తే 24 లీటర్ల ట్యాంక్ 1 బార్ గాలి ఉన్న 16 లీటర్ల ట్యాంక్ చేసే పనే చేస్తుంది. ట్యాంక్ నుంచి పైపుల్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు దాకా ఎన్ని మీటర్లో చూసి, పది మీటర్లకు ఒక బార్ చొప్పున లెక్కేసి, 0.3 కలపండి. ఒక అంతస్తు ఇంటికి 1 బార్ ధారాళంగా సరిపోతుంది. వాల్వ్ కారు టైరుదే, పంక్చర్ షాపు గేజ్‌తో చూసుకోవచ్చు: 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. నీళ్లవైపు పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి, లేకపోతే ఆ అంకె తప్పు చెబుతుంది. సేఫ్టీ వాల్వ్ 2.5 బార్‌ది అయితే పై సైజులన్నీ ఇంకాస్త పెరుగుతాయి.

డాబా మీద ఓపెన్ ట్యాంక్ పెట్టేయొచ్చు కదా అని కూడా అడుగుతారు. ఆపాలన్నప్పుడు మంట ఆగని కట్టెల బాయిలర్‌కు అది మంచి రక్షణే. మిగతా చోట్ల దానిలోంచి గాలి కలుస్తూనే ఉంటుంది, నేను పెట్టను. ప్రెషర్ పంపు మీద ఉండే ట్యాంక్‌ను దీనికి బదులు వాడే ముందు దాని ప్లేటు మీద ఎన్ని డిగ్రీలు రాసి ఉందో చదవండి, రంగు చూసి నమ్మకండి.

ఏ సైజైనా రిటర్న్ లైన్ మీద, పంపు నీళ్లు లాగే వైపు పెట్టించండి. అక్కడ నీళ్లు చల్లగా ఉంటాయి, లోపలి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది. 35 లీటర్లది కోరాపుట్, జయపురం షాపుల్లో లేకపోతే విశాఖ నుంచి సాలూరు ఘాట్ ఎక్కి రావాలి. కాబట్టి పైపుల మీద కాంక్రీట్ పోసే వారమే ఆర్డర్ ఇచ్చేయండి.