స్టార్‌ఫీల్డ్: దూరం లేని అంతరిక్షం

స్టార్‌ఫీల్డ్ నిజంగా చెడ్డ ఆటైతే మొదటి వారంలోనే కంప్యూటర్‌లోంచి తీసేసి ఉండేవాణ్ణి. 2023 సెప్టెంబరు 6న విడుదలైనప్పటి నుంచి, మరుసటి ఏడాది వచ్చిన షాటర్డ్ స్పేస్ అనే అనుబంధ కథ ముగిసే వరకు, మధ్యమధ్య విరామాలిస్తూ ఆడుతూనే ఉన్నాను. ప్రధాన కథ చూశాను, పెద్ద వర్గాల కథలన్నీ ముగించాను, విశ్వం మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఇంతకాలం ఆడాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది: పనితనం పుష్కలంగా ఉన్నా మధ్యస్థంగా మిగిలిపోయిన ఆట. దానికి మూలం ఒక్క నిర్ణయంలో ఉందని నమ్ముతున్నాను. అంతరిక్షం గురించి ఆట తీస్తూ అందులోంచి దూరాన్ని తీసేశారు. కథలోని కొన్ని మలుపులు చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా ఆడనివారు ఆ సంగతి గమనించి చదవండి.

ఆశ పెట్టుకోవడానికి కారణాలు ఉన్నాయి. దీన్ని తీసిన బెథెస్డా సంస్థ ఇరవై అయిదేళ్ల తర్వాత సృష్టిస్తున్న కొత్త లోకం ఇదని ప్రచారం జరిగింది. 2022 నవంబరులో రావలసినది దాదాపు పది నెలలు ఆలస్యమైంది. 2022 జూన్‌లో దర్శకుడు టాడ్ హోవార్డ్ ఈ ఆటను చూపిస్తూ వందకు పైగా నక్షత్ర వ్యవస్థలు, వెయ్యికి పైగా గ్రహాలు ఉంటాయని ప్రకటించారు. స్కైరిమ్ లాంటి ఆట తీసినవాళ్లు వెయ్యి గ్రహాలిస్తామంటే ఎవరికి ఆశ పుట్టదు?

స్కైరిమ్‌లో ఉన్నది ఒకే ఒక్క నేల. 2011 నాటి ఆట అయినా ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే కారణం ఆ నేల మీద నడక. దూరంగా ఒక కొండ కనిపిస్తుంది, అటు బయలుదేరతాం. దారిలో ఒక గుహ, గుహలో ఒక ఉత్తరం, ఆ ఉత్తరంలో ఒక ఊరి పేరు. సాయంత్రానికి కొండ సంగతే మరచిపోయి ఎక్కడో తేలతాం. ఆటలోని కథలన్నీ దారిలో దొరికేవే. చేరవలసిన చోటు బయలుదేరడానికి ఒక సాకు మాత్రమే.

స్టార్‌ఫీల్డ్‌లో ప్రయాణం ఇలా సాగుతుంది. ఓడలో కూర్చుంటాం, మ్యాప్ తెరుస్తాం, వెళ్లాల్సిన నక్షత్రాన్ని ఎంచుకుంటాం, బటన్ నొక్కుతాం. చిన్న దృశ్యం, లోడింగ్ స్క్రీన్, ఆ వెంటనే గ్రహం కక్ష్యలో ఉంటాం. మళ్లీ మ్యాప్, దిగాల్సిన చోటు, మరో బటన్, మరో దృశ్యం, నేల. ఓడను మన చేత్తో నడిపి వాతావరణంలోకి దింపే వీలు లేదు. నేను ఆడిన రోజుల్లో పక్క గ్రహానికి నడుపుకుంటూ వెళ్లే ఏర్పాటూ లేదు. ఒకసారి చూసిన చోటికైతే ఓడ ఎక్కే పని కూడా ఉండదు. న్యూ అట్లాంటిస్ నగరం నడివీధిలో నిలబడి మ్యాప్ తెరిచి, మరో సూర్యుడి కింద ఉన్న అకీలా నగరంలో తేలవచ్చు. మధ్యలో ఉండాల్సిన అనంతమైన చీకటి, నిశ్శబ్దం, ఒంటరితనం, భయం అన్నీ ఒక మెనూలో మాయమయ్యాయి.

ఇది సాంకేతిక పరిమితి మాత్రమే అయితే క్షమించవచ్చు. కానీ అదే ఆలోచన ఆటలో ప్రతి చోటా కనిపిస్తుంది. తొలిదశలో ఇంధనం అయిపోతే అంతరిక్షంలో చిక్కుకుపోయే పద్ధతి ఉండేదని, అది ఆటకు అడ్డు పడుతోందని తీసేశామని హోవార్డే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఇప్పుడు ప్రతి గెంతు తర్వాత ఇంధనం దానంతటదే నిండుతుంది. దానితో పోయింది ఒక్క ఇంధనమే అనుకుంటే పొరపాటు. గ్రహాల మీద మనం కట్టుకునే స్థావరాలకు ఉండాల్సిన అవసరం కూడా పోయింది. ఓడకు ఇంధనమైన హీలియం తవ్వుకునే స్థావరం దారిలో ప్రాణం కాపాడేదైతే, దాన్ని ఎక్కడ కట్టాలన్న ఆలోచనే ఒక పెద్ద ఆట అయ్యేది. ఇప్పుడు స్థావరం ఉన్నా లేకపోయినా కథ ఆగదు. ఓపికగా కట్టుకున్న గనులు, గొలుసుకట్టు సరఫరాలు ఎందుకోసమో తెలియని పనిగా మిగిలిపోయాయి.

ఇక గ్రహాల సంగతి. మనం దిగిన చోటు చుట్టూ నేలను కంప్యూటరే అప్పటికప్పుడు తయారుచేసి, ముందే కట్టి పెట్టుకున్న భవనాలను అక్కడక్కడ ఉంచుతుంది. ఈ పద్ధతిలో దోషం లేదు, వెయ్యి గ్రహాలను చేత్తో గీయడం ఎవరి తరమూ కాదు. దోషమంతా ఆ భవనాల సంఖ్య తక్కువ కావడంలో ఉంది. మంచు పట్టిన క్రయో ల్యాబ్ ఒకటి ఉంటుంది. మొదటిసారి అడుగు పెట్టినప్పుడు ఒళ్లు జలదరించింది. గడ్డకట్టిన గొట్టాలు, మూసుకుపోయిన దారులు, పనిచేసేవాళ్లు రాసుకున్న చివరి మాటలు, అన్నీ శ్రద్ధగా చేసిన పని. మరో నక్షత్రం దగ్గర మరో గ్రహం మీద అదే ల్యాబ్ ఎదురైంది. అవే గదులు, శత్రువులు అదే మెట్ల పక్కన, అదే బల్ల మీద అదే ఉత్తరం, అదే మూల అదే శవం. ఆ శవం వెనుక మొదటిసారి నేను ఊహించుకున్న కథ ఆ క్షణంలో చెరిగిపోయింది. ఒక మనిషి చావు రెండు గ్రహాల మీద అక్షరం తేడా లేకుండా కనిపిస్తే, ఆ తర్వాత ఏ ఉత్తరాన్నీ మనసు పెట్టి చదవలేం. చదవడం మానేశాక ఆ రచయితల శ్రమంతా వృథా. గోడలు అవే ఉంచి, కనీసం ఉత్తరాలూ వస్తువులూ శత్రువుల చోట్లూ మార్చినా ఎంతో దక్కేది.

గ్రహాలు ఖాళీగా ఉన్నాయన్న ఫిర్యాదు చాలామంది చేశారు. చంద్రుడి మీద దిగిన వ్యోమగాములకు అక్కడ ఏమీ లేకపోయినా విసుగు పుట్టలేదు కదా అన్నది నిర్మాతల సమాధానం. ఖాళీతనం విషయంలో నేను నిర్మాతల పక్షమే. ఈ ఆటలో నాకు అత్యంత ఇష్టమైన క్షణాలు ఏమీ లేని చోట్లవే. చంద్రుడి మీద అపోలో దిగిన చోటికి వెళ్లవచ్చు, అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ కనిపిస్తుంది. ఒక చిన్న ఉపగ్రహం మీద నిలబడితే ఆకాశంలో సగం మేర వలయాలతో వాయుగ్రహం లేస్తుంటే, వెనక సంగీత దర్శకుడు ఇనాన్ జూర్ సంగీతం మెల్లగా వస్తుంటే, ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. కానీ అపోలో వ్యోమగాములకు విసుగు రాకపోవడానికి ఒక కారణం ఉంది. వాళ్లు మూడు రోజులకు పైగా ప్రయాణించి, ప్రాణాలు పణంగా పెట్టి అక్కడికి చేరారు. ఆ ప్రయాణాన్ని తీసేసి ఖాళీ నేలను మాత్రమే చేతిలో పెడితే అది మామూలు ఖాళీ నేలే అవుతుంది. పైగా ఆ ఖాళీని కూడా ఈ ఆట పూర్తిగా నమ్మలేదు. ఎంత మారుమూల గ్రహం మీద దిగినా, ఎవరూ అడుగుపెట్టని లోకమని వర్ణించినా, కొద్ది దూరంలో ఏదో ఒక ఫ్యాక్టరీ, అందులో దొంగల ముఠా ఉంటాయి. మరొకరి ఓడ తల మీదుగా దిగుతుంది. ఏ గ్రహాన్నీ నేనే మొదట చూశానన్న అనుభూతి దక్కదు.

ప్రధాన కథలోని దేవాలయాలు నా ఓపికను ఎక్కువగా పరీక్షించాయి. మన పాత్రకు దక్కే మానవాతీత శక్తులు ఇరవై నాలుగు, ఒక్కొక్కదానికి ఒక దేవాలయం. బయటి నుంచి చూస్తే గంభీరంగా ఉంటాయి. లోపల గురుత్వాకర్షణ లేని గదిలో తేలుతూ మెరిసే వెలుగులను తాకాలి, కొంతసేపటికి వలయం తెరుచుకుంటుంది, శక్తి వస్తుంది, బయటికి రాగానే ఒక శత్రువు. ప్రతి దేవాలయంలోనూ ఇదే. ఒక్క చిక్కుముడి లేదు, గది ఆకారమైనా మారదు. ఒక్కో శక్తిని పది స్థాయిల వరకు పెంచాలంటే విశ్వాలు మారుస్తూ అదే గదిలో అవే వెలుగుల వెంట మళ్లీ మళ్లీ పడాలి. కథకు గుండెకాయ లాంటి చోట ఇంత తక్కువ ఊహ ఎలా సరిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

విశ్వం మారడమన్న ఆలోచన మాత్రం గొప్పది. కథ చివర విశ్వాల మధ్య ద్వారమైన యూనిటీలోకి అడుగు పెడితే ఓడ, డబ్బు, ఆయుధాలు, కట్టుకున్నవన్నీ, పెళ్లి చేసుకున్న మనిషితో సహా వెనక వదిలి మరో విశ్వంలో మొదలవుతాం. నేర్చుకున్న విద్యలూ శక్తులూ మాత్రమే వెంట వస్తాయి. కొన్ని విశ్వాల్లో మనం చేరిన అన్వేషకుల బృందం కాన్‌స్టెలేషన్ భవనం తలుపు తీస్తే ఎదురయ్యే వింతలు చూడవలసినవే. ఒకచోట సభ్యులంతా చిన్నపిల్లలై ఉంటారు. అయితే ఈ ఆలోచన మిగతా ఆట కాళ్లు నరికేస్తుంది. దేన్నైనా వదిలేయాల్సి వస్తుందని తెలిశాక ఇల్లు ఎందుకు కట్టాలి, స్థావరం ఎందుకు పెంచాలి? వదులుకోవడం బాధించాలంటే ముందు ఆ లోకం మీద మమకారం పెరగాలి. అందుకు కావలసిన దారులనూ ఇరుగుపొరుగునూ ఆట మొదటి నుంచీ మెనూలతో కత్తిరించింది.

తోటి ప్రయాణికులదీ ఇలాంటి కథే. సారా, శామ్, బ్యారెట్, ఆండ్రెయా నలుగురి గతాలూ వేరైనా నీతి మాత్రం ఒకటే. దొంగల పక్షం చేరితే నలుగురూ ఒకే గొంతుతో మందలిస్తారు. మత్తు చేపల వేటతో ఎదిగిన నియాన్ నగరం పేరుకు పాపాల పుట్ట, లోపలికి వెళ్తే స్కూలు వార్షికోత్సవమంత మర్యాదగా ఉంటుంది.

చాలామంది గుర్తుచేసుకునే ఫస్ట్ కాంటాక్ట్ కథ ఈ పిరికితనానికి సరైన ఉదాహరణ. భూమి నుంచి దాదాపు రెండు శతాబ్దాల కింద బయలుదేరిన ఓడ, తరాల తర్వాత తనకు రాసిపెట్టిన గ్రహం చేరుతుంది. తీరా అక్కడ ఒక విలాస రిసార్టు వెలసి ఉంటుంది. ఈ నేల ఎవరిది? ఎంత పెద్ద ప్రశ్న! కానీ మనకు దక్కే దారులు మూడే. మన డబ్బుతో ఓడకు కొత్త ఇంజను కొనిచ్చి పంపేయాలి, లేదా వాళ్లను రిసార్టు దగ్గర కూలీలుగా కుదర్చాలి, లేదా ఓడనే పేల్చేయాలి. రిసార్టు యజమానులను నిలదీసి నేల పంచుకునేలా చేసే దారి లేదు. ప్రశ్న వేసిన రచయితే జవాబుకు భయపడినట్టు అనిపించింది.

అలాగని అంతా నీరసమే అనడం అన్యాయం. ఓడలు కట్టుకునే విభాగం ఒక్కదాని మీదే రాత్రులు గడిచిపోయాయి. గదులు, ఇంజన్లు, ఆయుధాలు ముక్కముక్కగా పేర్చి, కట్టిన ఓడ లోపల తిరుగుతుంటే కలిగే ఆనందం మరే ఆటలోనూ నాకు కలగలేదు. అంత ముచ్చటగా కట్టుకున్న ఓడను నడిపే అవసరమే లేకపోవడం మరింత బాధ. గురుత్వాకర్షణ లేని ఆల్మగెస్ట్ కాసినోలో పోరాటం అద్భుతం, తుపాకి పేల్చిన ఊపుకు మనమే వెనక్కి తేలిపోతాం. ఎంటాంగిల్డ్ అనే కథలో ఒక పరిశోధన కేంద్రం రెండు విశ్వాలుగా చీలి, గది గదికీ ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ వెళ్తాం. ఒక విశ్వంలో బతికినవాడు మరోదానిలో చనిపోయి ఉంటాడు. ఆ ఒక్క కథలో ఉన్న సృజన దేవాలయాలకు దక్కి ఉంటే ఈ సమీక్ష వేరేలా ఉండేది.

తర్వాత వచ్చిన మార్పులు మెచ్చుకోదగినవే. 2024 మే నెలలో నగరాలకు సరైన మ్యాపులు వచ్చాయి, ఆగస్టులో నేల మీద తిరిగే రెవ్-8 బండి వచ్చింది. బండితో ఖాళీ నేల మీద తిరగడం సరదాగా మారింది, కానీ చేరేది మళ్లీ అదే ల్యాబ్‌కు. సెప్టెంబరు చివర 30 డాలర్ల ధరతో షాటర్డ్ స్పేస్ వచ్చింది. వరూన్‌కాయ్ అనే ఒకే గ్రహం, దజ్రా నగరం, చుట్టూ చేత్తో తీర్చిన నేల. నడుస్తుంటే ఎదురయ్యేవి ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. కథ పలుచనిది, ముగింపు తొందరపాటుది. అయినా దూరంగా కనిపించిన ఒక కొండ వైపు బయలుదేరి, దారి తప్పి, మరేదో కనుక్కోవడం ఈ ఆటలో నాకు అక్కడే జరిగింది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు గ్రహాలన్నీ వెతకాలన్న పట్టుదల పెట్టుకోకండి. వాన్‌గార్డ్ అనే దళంలో చేరి టెర్రర్‌మార్ఫ్‌లనే భయంకర జీవుల కథ ముగించండి, ఆపైన క్రిమ్సన్ ఫ్లీట్ అనే దొంగల ముఠాలోకి గూఢచారిగా వెళ్లండి. ఎంటాంగిల్డ్ వరకు ప్రధాన కథ నడిపి, దేవాలయాల్లో మొదటి రెండుమూడు చూసి మిగతావి వదిలేయండి. విడుదలనాటి పూర్తి ధర 70 డాలర్లకైతే నేను సిఫారసు చేయను. అందులో సగానికి దొరికినప్పుడు ఈ మూడు కథల కోసం, ఓడలు కట్టుకోవడం కోసం కొనవచ్చు.