పద్దెనిమిదేళ్ల కొడుకు చేతిలో మస్టాంగ్ జీటీ: రెండేళ్ల తర్వాత నా రివ్యూ

కారు నాది, వాడిది కాదు, ముందు ఆ ముక్క చెప్పేస్తా. 2019 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 5.0 లీటర్ల ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్, 10 గేర్ల ఆటోమేటిక్, 460 హార్స్‌పవర్, నాలుగు సెకన్ల పైచిలుకులో 100 అందుకుంటుంది. ఇంట్లో కార్ల పిచ్చి నాకే, మా ఆయనకి తలుపులు సరిగ్గా పడి ఏసీ పనిచేస్తే చాలు అదే మంచి కారు. మావాడికి లైసెన్స్ చేతికొచ్చిన మూడోవారం ఇంకో కారు మా ఆయన పని మీద వేసుకెళ్లిపోయారు, వాడికేమో పొద్దున్నే పరీక్ష, సరేలే ఈ ఒక్కరోజుకి అని తాళం ఇచ్చా. ఆ ఒక్కరోజు కాస్తా రెండేళ్లయింది. సుమారు 22 వేల కిలోమీటర్లు తిప్పాడు, వెనక టైర్లు రెండు జతలు అరగదీశాడు, ఒకసారి గుద్దాడు.

కొత్త లైసెన్స్ పిల్లాడికి ఇంత పవర్ ఉన్న కారు ఇవ్వొచ్చా అని అడిగితే సగం మంది అప్పుడే వాడి ఫోటోకి దండ వేసేస్తారు, మిగతా సగం "పెంపకం సరిగ్గా ఉంటే ఏ కారైనా ఒకటేనండీ" అంటారు. నేను రెండో బ్యాచ్‌లో అందరికంటే గట్టిగా అరిచిన మనిషిని. ఇప్పుడు ఆ మాట అనను. ఎందుకో చెప్పాలంటే తాళం దగ్గర మొదలెట్టాలి.

ఈ కారులో మైకీ అని ఒకటుంది, ఫోర్డ్ వాళ్లు 2010 మోడల్స్ నుంచి ఇస్తున్నారు, పిల్లలకిచ్చే తాళాన్ని విడిగా ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. ఆ తాళంతో స్టార్ట్ చేస్తే మనం పెట్టిన స్పీడ్ దాటదు, బెల్ట్ పెట్టుకునే దాకా పాటలు రావు, వాల్యూమ్ సగానికి కూడా పోదు, స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారిపోకుండా పట్టుకునే సిస్టమ్) ఆఫ్ చేయకుండా లాక్ చేసుకోవచ్చు. కారుతో వచ్చిన రెండు తాళాలు కాక ఇంకోటి చేయించి వాడికోసం మైకీగా మార్చి స్పీడ్ 105 దగ్గర పెట్టా. ఆ రాత్రి హాయిగా పడుకున్నా. అసలు తప్పు అక్కడే జరిగింది, ఎందుకంటే నేను భయపడింది హైవే మీద 180, 200 కొడతాడని. రెండేళ్లలో హైవే మీద వాడు నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలేదు. భయపెట్టినవన్నీ 20 నుంచి 60 మధ్యలోనే.

మైకీ ఆపేది టాప్ స్పీడ్‌ని, పికప్‌ని కాదు. సున్నా నుంచి 105 దాకా ఆ 460 గుర్రాలూ వాడి చేతిలోనే ఉన్నాయి. పైగా ఈ 10 గేర్ల బాక్స్ పద్ధతి ఎలా ఉంటుందంటే, 60లో నెమ్మదిగా పోతుంటే పెట్రోల్ మిగల్చడానికి పై గేర్‌లో నిద్రపోతున్నట్టు ఉంటుంది, సగం పెడల్ తొక్కారంటే ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత నాలుగైదు గేర్లు ఒకేసారి కిందికి దిగిపోయి వెనక నుంచి ఎవరో తన్నినట్టు పోతుంది. ఆ ఒక్క క్షణం ఖాళీలోనే కొత్తవాళ్లు ఇంకాస్త తొక్కుతారు, చిన్న కారులో నేర్చుకున్న కాలికి అదే అలవాటు కదా, పోకపోతే తొక్కడం. తిన్నగా పోయేటప్పుడైతే నవ్వుకుంటాం, మలుపులో ఉన్నప్పుడు అదే పని చేస్తే వెనక చక్రాలు వాటి దారి అవి చూసుకుంటాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌ల్యాండ్ లాంటి చోట్ల పీ ప్లేట్ డ్రైవర్లకి (కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకి) కారు బరువులో టన్నుకి 130 కిలోవాట్లు దాటితే నిషేధం అని ఉంది, మొదటిసారి చదివినప్పుడు అతి అనిపించింది. మా కారు లెక్క వేసుకుంటే 460 హార్స్‌పవర్ అంటే 343 కిలోవాట్లు, బరువు టన్నూ ముప్పావు లోపు, అంటే టన్నుకి 200 దగ్గర. ఆ రూల్ రాసినవాళ్లు టాప్ స్పీడ్ జోలికి పోకుండా పవర్‌కీ బరువుకీ లెక్క ఎందుకు పెట్టారో నాకు ఆలస్యంగా అర్థమైంది.

అన్నీ తప్పులే చేశానా అంటే లేదు. మొదటి నెలలో వాన పడ్డ రోజు చూసి పెద్ద ఖాళీ పార్కింగ్‌కి తీసుకెళ్లా. 50లో పోతూ నేను చెయ్యి ఊపగానే బ్రేక్ మీద నిలబడరా అన్నా. తొక్కాడు, పెడల్ కాలి కింద టకటకా కొట్టుకునేసరికి బ్రేకులు పోయాయనుకుని కాలు తీసేశాడు. మొహం పాలిపోయింది. "అమ్మా, ఏదో విరిగింది." ఏం విరగలేదు నాన్నా, అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, అలాగే కొట్టుకుంటుంది, నువ్వు మాత్రం కాలు తీయకు అని ఆరేడుసార్లు చేయించా, చివరికి అలవాటైంది. లైసెన్స్ టెస్టులో వాడితో ఒక్కసారి కూడా ఫుల్ బ్రేక్ కొట్టించలేదు, ఆలోచిస్తే చిత్రంగా లేదూ? ఏ కారిచ్చినా సరే ఈ ఒక్క గంట మాత్రం కూర్చుని చేయించండి, ఈ రెండేళ్లలో నేను చేసిన పనుల్లో పనికొచ్చింది ఇదే.

ఇంకోటి వానలో స్నో/వెట్ మోడ్ పెట్టమని చెప్పడం. ఆ మోడ్‌లో పెడల్ మెత్తబడుతుంది, ఎంత తొక్కినా కారు తొందరపడదు. ఒక చిక్కేంటంటే ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే నార్మల్‌కి వచ్చేస్తుంది, ప్రతిసారీ గుర్తుపెట్టుకుని నొక్కాలి, ఇది మర్చిపోకండి, కింద మళ్లీ వస్తుంది.

ఆరో నెలలో ఒకరోజు సెట్టింగ్స్ చూస్తుంటే మైకీ తాళంతో ఎంత దూరం నడిచిందో చూపించే అంకె కనపడింది. 1,900 కిలోమీటర్లు. రెండు నెలల కింద చూసినప్పుడు కూడా అదే 1,900. వాడేమో రోజూ కారు తీస్తున్నాడు! నాకు వెంటనే వెలగలేదు. తర్వాత తెలిసిందేంటంటే మైకీ తాళం, మామూలు తాళం రెండూ కారులో ఉంటే కారు మామూలు తాళాన్నే గుర్తిస్తుంది. వీడు అల్మరాలో ఉన్న స్పేర్ తాళం బ్యాగులో వేసుకుని, నా ఎదురుగా మాత్రం వాడి తాళం వేలికి తిప్పుకుంటూ వెళ్లేవాడన్నమాట. ఏరా అంటే తల దించుకుని "మాన్యువల్‌లో ఉందమ్మా" అన్నాడు. చదవరా చదవరా అంటే ఆ పుస్తకం చదివాడు నా బంగారం.

ఆ రెండు నెలల్లో ఏం చేశాడో టైర్లు చెప్పాయి. ఈ కారులో లైన్ లాక్ అని ఉంటుంది, డ్రాగ్ రేసుల్లో టైర్లు వేడెక్కించడానికి ముందు బ్రేకులు పట్టి ఉంచి వెనక చక్రాల్ని 15 సెకన్ల దాకా తిరగనిస్తుంది. అది ట్రాక్ కోసం, వీడు ఫ్రెండ్స్ ముందు పొగ లేపడానికి వాడాడు. ఒక్కడే ఉన్నప్పుడు ఎప్పుడూ చేయలేదట, అబద్ధం కాదనే నా నమ్మకం. ఒక్కడే ఉంటే వాడు మా ఆయన కంటే నెమ్మది. పక్కన ఒకడు కూర్చుంటే కాలు బరువెక్కుతుంది, వెనక ఇంకొకడు ఇరుక్కుంటే (ఆ వెనక సీట్లో మనుషులు పట్టరు, ఇరుక్కుంటారంతే) ఇంకా బరువెక్కుతుంది. న్యూజిలాండ్‌లో 1987 నుంచీ కొత్తవాళ్లకి దశలవారీ లైసెన్స్ ఉంది, పక్కన అనుభవం ఉన్న డ్రైవర్ లేకుండా రాత్రి పది తర్వాత నడపకూడదు, మనుషుల్ని ఎక్కించుకోకూడదు. ఈ ఫ్రెండ్స్ రూల్ ఒక్కటి మొదటిరోజే పెట్టి ఉంటే మైకీ గీకీ ఏదీ అక్కర్లేకపోయేదేమో. తర్వాత పెట్టా, చేతులు కాలాక.

తాళం లాక్కున్నా, నెల రోజులు తిట్టా, మళ్లీ ఇచ్చా. వెనక టైర్ల గాడుల లోతు అప్పటికే 3 మిల్లీమీటర్లకి వచ్చేసింది. కొత్తప్పుడు 8 దాకా ఉంటుంది, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునేది 1.6, కాబట్టి ఇంకా ఉందిలే, వచ్చే నెల మారుద్దాం అనుకున్నా. ఈ వచ్చే నెల అన్నది నేనే, వాడు కాదు. ఇవి 275 మిల్లీమీటర్ల వెడల్పు సమ్మర్ టైర్లు, పొడి రోడ్డు మీద బంకలా అతుక్కుంటాయి, చలి బాగా ఉంటే రాయిలా గట్టిపడతాయి, గాడులు పోయాక నీళ్లలో అంత వెడల్పే శత్రువు అవుతుంది, నీళ్లు బయటికి పోయే దారి ఉండదు.

చాన్నాళ్ల తర్వాత తొలి వాన, రోడ్డు మీద పేరుకున్న నూనె అంతా పైకి తేలే టైం. వెట్ మోడ్ పెట్టుకునే బయల్దేరాడు, మధ్యలో పెట్రోల్ కోసం ఆపాడు, మళ్లీ స్టార్ట్ చేశాడు, మోడ్ మర్చిపోయాడు. సిగ్నల్ పచ్చ పడగానే మలుపు తిరుగుతూ మామూలుగా తొక్కేటంతే తొక్కాడట, స్పీడ్ 35. వెనక భాగం జారింది, భయపడి కాలు ఠక్కున తీసేశాడు, బరువంతా ముందుకొచ్చి వెనక ఇంకా తేలికైపోయింది, వెనక చక్రం వెళ్లి ఫుట్‌పాత్ గట్టుకి తగిలింది. రిమ్ వంగింది, సస్పెన్షన్ ఆర్మ్ వంగింది, మూడు వారాలు వర్క్‌షాప్‌లో. పక్కన ఎవరూ లేరు, గట్టు మీద ఎవరూ నడవట్లేదు. ఆ రెండో వాక్యం రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు.

ఫోన్ చేసి "అమ్మా నాకేం కాలేదు" అన్నాడు. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "అక్కడ వాన పడుతోందా?" వాడు ఎలా ఉన్నాడని కూడా అడగలేదు, నాకు బుర్రలో ఆ 3 మిల్లీమీటర్లే తిరుగుతున్నాయి.

స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లోనే ఉంది, మైకీ లాక్ చేసి ఉంచింది. అది లేకపోతే కారు పూర్తిగా తిరిగిపోయి ఎదురు లైన్‌లోకి వెళ్లేదని వర్క్‌షాప్ అతను అన్నాడు, అయ్యుండొచ్చు. అమెరికాలో 2012 మోడల్స్ నుంచి, యూరప్‌లో 2014 చివర నుంచి అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి చేశారంటే ఊరికే చేయలేదు. కానీ అది చేసేది ఒక్కో చక్రాన్ని విడిగా బ్రేక్ పట్టడం, ఇంజిన్ పవర్ తగ్గించడం, అంతే. బ్రేక్ పట్టినా టైరుకి రోడ్డు అందాలి కదా, లేని పట్టుని కంప్యూటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది.

ఇన్సూరెన్స్ గురించి పొట్టిగా: ప్రీమియం చూసి కళ్లు తిరిగాయి. ఎక్కువ నడిపేది పిల్లాడైనా మెయిన్ డ్రైవర్‌గా అమ్మానాన్నల పేరు పెట్టి తగ్గించుకోమని నాకు ముగ్గురు చెప్పారు. చేయకండి, క్లెయిమ్ వచ్చిన రోజు వాళ్లు మొదట అడిగేదే అది. మేం నిజం చెప్పి కట్టాం, అందుకే రిపేర్ డబ్బులొచ్చాయి.

మరి మంచి ఏమీ లేదా అంటే ఉంది. కారంటే వాడికి గౌరవం వచ్చింది, టైర్ గాలి, ఆయిల్, బ్రేక్ ప్యాడ్ అన్నీ వాడే చూస్తాడు, ఇంట్లో ఇంకో కారు అవి లేకుండానే ఎన్నేళ్లు తిరిగిందో తెలిసి వాళ్ల నాన్నకి క్లాస్ పీకాడు. పొడవు బానెట్, మందపాటి పిల్లర్లు వల్ల పక్కకి వంగి మెడ తిప్పి చూడటం అలవాటైంది. నాకూ వాడికీ మాట్లాడుకోవడానికి ఒక సబ్జెక్ట్ దొరికింది, ఆ వయసు పిల్లలున్న వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. అయితే ఇవన్నీ 120 హార్స్‌పవర్ కారుతో కూడా వచ్చేవే.

ఒకరోజు వాడి పక్కన కూర్చుని వెళ్తున్నా, సిగ్నల్ పడగానే ఖాళీ రోడ్డు చూసి కొంచెం గట్టిగా లాగాడు, నేను అరిచా. "నువ్వు రోజూ ఇలాగే లాగేదానివి కదమ్మా, నేను స్కూల్ బ్యాగ్ పట్టుకుని ఇక్కడే కూర్చునేవాణ్ణి" అన్నాడు, వెటకారం లేదు గొంతులో, మామూలుగా అన్నాడు. మైకీలో దానికి సెట్టింగ్ లేదు.

నా రేటింగ్: కారుకి ఐదుకి ఐదు, మైకీకి మూడు (ఆ కిలోమీటర్ల అంకె చూసే ఓపిక ఉంటేనే మూడు), మొదటి ఏడాది డ్రైవర్‌కి మొదటి కారుగా ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా వాడు క్షేమంగా ఉన్నాడు కాబట్టి. మళ్లీ చేయాల్సొస్తే ఒక ఏడాదీ రెండు వానాకాలాలూ చిన్న కారే, ఆ తర్వాత నేను పక్కన కూర్చుంటే ఇది. ఇప్పుడు వాడు రోజువారీ తిరిగేది మా ఆయన కారులోనే, మస్టాంగ్ ఆదివారం మాత్రం, అదీ ఒక్కడే, టైర్ గేజ్ పెట్టి అంకె నాకు మెసేజ్ చేసి.

ఇంకో సమస్య వచ్చిపడింది. మా అమ్మాయికి వచ్చే ఏడాది లైసెన్స్. చిన్న కారే అని ఇప్పట్నుంచే చెప్పేశా. "అన్నయ్యకి మూడో వారమే ఇచ్చావుగా" అంది. వాడు గుద్దాడు కాబట్టే అన్నా. "గుద్దింది వాడైతే శిక్ష నాకా?" అంది. దానికి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.