బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం: రెండు శీతాకాలాల అనుభవం

మంచు తుపాను హెచ్చరిక రాగానే దుప్పట్లు, టార్చిలైట్లు, మంచినీళ్లు సమకూర్చుకుంటాం గానీ, తలుపులూ కిటికీలూ బిగించుకున్న ఇంట్లో పోగయ్యే విషవాయువు సంగతి చాలామందికి తట్టదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలైతే జలుబు చేసిందనో, అలసట అనో సరిపెట్టుకుంటాం.

పోయిన శీతాకాలం ఒక తెల్లవారుజామున ఈ అలారం నాలుగుసార్లు కూసి, కాస్త ఆగి, మళ్లీ నాలుగుసార్లు కూసింది. తెర మీద 110 పీపీఎం అని, అంటే పది లక్షల భాగాల గాలిలో 110 భాగాలు ఈ వాయువు ఉన్నట్టు కనబడింది. పిల్లల్ని దుప్పట్లతో సహా బయటికి తీసుకువచ్చి, అత్యవసర సేవలకు ఫోన్ చేశాం. రాత్రంతా గాలికి కొట్టుకువచ్చిన మంచు గ్యాస్ హీటర్ పొగగొట్టాన్ని బయటి నుంచి పూర్తిగా మూసేసిందని తరువాత తెలిసింది. ఆ రోజు నుంచి మంచు కురిసినప్పుడల్లా ముందుగా ఆ గొట్టం చుట్టూ శుభ్రం చేస్తున్నాం.

అంకెలు చూపే తెర ఉన్నదే కొనమని నా గట్టి సలహా. ఈ అలారాలకు వర్తించే అమెరికా భద్రతా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 400 పీపీఎం వద్ద అలారం 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి, కానీ 70 పీపీఎం వద్ద 60 నుంచి 240 నిమిషాల దాకా వ్యవధి ఉంటుంది. అంటే అలారం మోగనంత మాత్రాన గాలి శుభ్రంగా ఉందని కాదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ఉన్న ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

లోపాలూ ఉన్నాయి. బ్యాటరీ అయిపోయినప్పుడూ, సెన్సర్ ఆయుష్షు తీరినప్పుడూ ఒకే రకంగా కిచుమంటుంది. బ్యాటరీ మార్చినా ఆగకపోతే పరికరాన్నే మార్చాలన్న ముఖ్యమైన మాటను సూచనల కాగితంలో చివరన, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో వేశారు. టెస్ట్ బటన్ పరీక్షించేది మోతనే గానీ సెన్సర్‌ను కాదు కాబట్టి, వెనుక ముద్రించిన గడువు తేదీని చూసుకోవడం తప్పనిసరి.

అలారం ఉంది కదా అని బొగ్గుల కుంపటిని ఇంట్లో వెలిగించకూడదు, జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలోనే నడపాలి. ఈసారి చలి మొదలవకముందే ఇలాంటిదే రెండోది కొని, పిల్లలు పడుకునే గది బయట తగిలించాం.