కుక్కర్ పేలితే కేసు ఎవరి మీద: కంపెనీ మీదా, కొట్టు మీదా?
విజయనగరంలో కొన్న కుక్కర్ పేలి చెయ్యి కాలిందనుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ తయారీదారును నేరుగా పట్టుకుంటుంది. తయారీలోనో డిజైన్‌లోనో లోపం ఉన్నా, తగిన హెచ్చరికలు లేకపోయినా చాలు. కొట్టువాడి మీదైతే 86వ సెక్షన్ కింద ఇంకొంచెం చూపించాలి: సేఫ్టీ వాల్వు తానే మార్చాడని, ఆ మార్పే ప్రమాదానికి ముఖ్య కారణమని; లేదా సొంతంగా ఇచ్చిన వారంటీకి తగ్గట్టు సరుకు లేకే ప్రమాదం జరిగిందని. తయారీదారెవరో తెలియని పేరులేని సరుకైతే మాత్రం భారం కొట్టువాడిదే.

ఇద్దరినీ చేర్చడమే మేలు. కంపెనీ ఏ రాష్ట్రానిదైనా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే 2 ఏళ్లలోపు కేసు వెయ్యొచ్చు. బిల్లు, పగిలిన మూత, వాల్వు అలాగే దాచండి. రిపేరుకిస్తే సాక్ష్యం పోయినట్టే. కుక్కర్ ధర మాత్రం ఈ చట్టం పరిహారమిచ్చే ‘హాని’ లెక్కలోకి రాదు, దాన్ని సరుకు లోపం కింద విడిగా అడగాలి.