జువైనల్ హోమా, ప్రొబేషన్‌పై ఇంటికా: ఏది మేలు?

"రెండు నెలలు హోంలో ఉంటే బుద్ధొస్తుందా, లేక బెయిల్ తీసుకోమంటారా?" పద్దెనిమిది నిండని కొడుకు కేసులో ఇరుక్కుంటే తల్లిదండ్రులు అన్నిటికంటే ముందు అడిగేది ఇదే. ఎక్కువ కేసుల్లో ఇంటికి తెచ్చుకోవడమే మేలు: విచారణ నడిచేటప్పుడైతే బెయిల్‌పై, తప్పు తేలాకైతే ప్రొబేషన్‌పై, అంటే హోంకు పంపకుండా అధికారి పర్యవేక్షణలో. అయితే పర్యవేక్షణ పేరుకే ఉంటే ఆ మేలు కూడా దక్కదు.

విచారణ నడిచేటప్పుడు ఉంచేది అబ్జర్వేషన్ హోం. తప్పు తేలాక పంపేది స్పెషల్ హోం, అది గరిష్ఠంగా మూడేళ్లు. మొదటిది శిక్ష కానే కాదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం బెయిల్ ఇవ్వడమే నియమం. కాదనాలంటే మూడే కారణాలు: బయటికొస్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి. నేరం పెద్దదా చిన్నదా అన్నది ఆ జాబితాలో లేదు. "కొన్నాళ్లు అక్కడే ఉంచండి సార్" అని కోపంతో తండ్రి అన్న మాట మాత్రం పిల్లాడికి చేటు చేస్తుంది. ఇంట్లో పట్టించుకునే దిక్కు లేదని బోర్డు అనుకుంటుంది. జామీను దొరక్క ఏడు రోజులు దాటితే షరతులు సడలించడానికి మళ్లీ బోర్డు ముందుకు తేవాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఇది తెలియక హోంలోనే ఉండిపోయే పిల్లలున్నారు.

హోంలో పూట పూటకీ తిండి ఉంటుంది, వేళకు నిద్ర ఉంటుంది, గంజాయి అందదు. ఇవి చిన్న విషయాలు కావు. కానీ బడి తెగిపోతుంది. పదో తరగతి పరీక్షల ముందు రెండు నెలలు పోతే ఏడాది పోయినట్టే, ఏడాది పోయిన పిల్లాడు మళ్లీ బడి గడప తొక్కడం కష్టం. వయసును బట్టి, నేరాన్ని బట్టి పిల్లల్ని వేరుగా ఉంచాలని చట్టంలో ఉన్నా, గదులు చాలనిచోట అందరూ ఒకేచోట పడుకుంటారు. మొదటిసారి సెల్‌ఫోన్ లాక్కుని దొరికినవాడికి, నాలుగోసారి వచ్చినవాడు అక్కడే స్నేహితుడవుతాడు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ప్రొబేషన్ అధికారి రాసే సామాజిక విచారణ నివేదిక. రెండు వారాల్లో ఇవ్వాలి. "కుటుంబం పేదది, స్నేహాలు మంచివి కావు" అని రెండు ముక్కలు రాస్తే బోర్డు చేయగలిగేదేమీ ఉండదు. బడి మానింది ఏ నెలలో, ఎందుకు? రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతాడు? కొట్టేసిన ఫోన్లు కొనేదెవరు? ఇంట్లో తాగి కొట్టేవాళ్లున్నారా? ఇవి తేలితే ఉత్తర్వులో దేనికి ఏం చేయాలో రాయొచ్చు: బడికి వెళ్లాలి, డీ అడిక్షన్‌లో చేరాలి, ఫలానా చోటికి పోకూడదు. 18వ సెక్షన్ వీటన్నిటికీ వీలిస్తుంది. కాబట్టి అధికారి వచ్చేదాకా ఎదురుచూడకండి. బడి రికార్డులు, టీచరు మాట, పిల్లాడి దినచర్య రాసుకుని మీరే ఇవ్వండి. వయసు రుజువుకు బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం కావాలి. 94వ సెక్షన్ చెప్పిన పత్రాల్లో ఆధార్ లేదు.

ప్రొబేషన్ ఎక్కడ చెడుతుందంటే, పిల్లాడు నెలకోసారి వెళ్లి సంతకం పెట్టి రావడంగా మారినప్పుడు. మూడేళ్లదాకా ప్రొబేషన్ పెట్టొచ్చు, కానీ మొదటి మూడు నెలలు గట్టిగా చూడకపోతే తర్వాత ఎంతకాలం పెట్టినా లాభం తక్కువ. ఒక అధికారి చేతిలో జిల్లా అంతటి కేసులుంటే ఇంటికి ఎవరొస్తారు? ప్రభుత్వాలు ముందు ఈ పోస్టులు నింపాలి. కొత్త భవనాలు ఆ తర్వాత.

ఇల్లే ప్రమాదమైతే? దొంగసొత్తు కొనేవాడు అదే వీధిలో ఉంటే? అప్పుడు కూడా హోమే దారి అనుకోనక్కర్లేదు. మరో ఊళ్లో ఉన్న మేనమామనో, అమ్మమ్మనో బోర్డు తగిన వ్యక్తిగా గుర్తిస్తే వాళ్ల దగ్గర ప్రొబేషన్‌పై ఉంచొచ్చు. ఆ ఊళ్లో బడిలో సీటు ఉందని కాగితం చూపిస్తే మాటకు బలం వస్తుంది. అలాంటివాళ్లెవరూ లేకపోతే హోమే నయం.

మందలింపు, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా కూడా ఉన్నాయి. మొదటిసారి చిన్న తప్పుకు సరిపోతాయి. జరిమానా భారం మాత్రం చివరికి తల్లిదండ్రుల మీదే పడుతుంది.

పదహారు నిండినవాడిపై కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న ఘోర నేరం మోపితే లెక్క వేరు. అతన్ని పెద్దవాడిగా లెక్కగట్టి విచారించాలా వద్దా అని బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా వేస్తుంది. అక్కడ మొదటి రోజు నుంచే లాయరు ఉండాలి. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.